వాడ నుంచి – 23 : చెవి ఎత్తు



పోయిన భాగం కింద పెట్టిన ఫొటో చూసి ముగ్గురు తమ్ముళ్లు ఒకటే మాట అడిగారు. "అన్నా, ఆదివారం మీ ఇంట్లో పిల్లలు కూర్చుని వింటున్నారు కదా, ఆ స్పీకర్ల కింద స్టాండ్లు ఎక్కడ కొన్నారు?" అని. కొనలేదు తమ్ముళ్లూ. ఇంట్లోనే చేసుకున్నాం. నేనూ మా నాయినా కలిసి చేశాం. ఎట్టా చేశామో రాద్దామని కూర్చుంటే, కొలతల కంటే ముందు చెప్పాల్సినవి చాలా వచ్చాయి. రెండూ కలిపే రాస్తున్నా. ఓపికగా చదవండి.

మధిరలో మా ఇంటి ముందు గదిలో ఆదివారం సాయంత్రం పది పన్నెండు మంది పిల్లలు కూడతారు. డిగ్రీ వాళ్లు, ఐటీఐ వాళ్లు, గ్రూప్స్‌కి చదివేవాళ్లు. ఒకరు పుస్తకం చదువుతారు, మిగతావాళ్లు వింటారు. తర్వాత పాటలు, పాత ఉపన్యాసాలు. ఫోన్లో వింటే ముందున్న ఇద్దరికే వినపడేది. అందుకని కిందటి దసరా సెలవుల్లో హైదరాబాద్ పోయినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో ఒక జత పాత స్పీకర్లు, చిన్న ఆంప్లిఫయర్ కొనుక్కొచ్చా. ఒక్కో డబ్బా పదమూడు అంగుళాల ఎత్తు, ఆరు కిలోల బరువు. కింద మాట బరువుని మోసే పెద్ద స్పీకర్, పైన సన్నటి శబ్దాలు పలికే చిన్నది. దాన్ని ట్వీటర్ అంటారు.

తెచ్చి నేల మీద పెట్టాం. పాట బాగానే ఉంది, మాట మాత్రం బావిలోంచి వచ్చినట్టుంది. "స" ఏదో "ష" ఏదో తెలియడం లేదు. తెలుగు మాష్టారిని, నాకే అర్థం కాకపోతే ఎట్టా! తర్వాత చదివి తెలుసుకున్నా. డబ్బాని నేలకీ గోడ మూలకీ ఆనించి పెడితే బరువు శబ్దం నేలని, గోడని కొట్టి రెట్టింపై వస్తుంది. మాటని స్పష్టం చేసేవి హల్లులు. అవి సన్నటి శబ్దాలు. టార్చిలైటు వెలుగులాగా నేరుగా ముందుకే పోతాయి. ట్వీటర్ మోకాళ్ల దగ్గర ఉంటే ఆ హల్లులు మోకాళ్లకే వినపడతాయి. అందుకే దాన్ని చెవి ఎత్తులో పెట్టమంటారు. స్టాండు చేసే పని ఇంతే. డబ్బాని నేల నుంచి విడదీసి చెవి దాకా లేపడం.

మొదట మేం చేసింది అందరూ చేసేదే. ప్లాస్టిక్ కుర్చీల మీద కుర్చీలు పేర్చి డబ్బాలు పైన పెట్టాం. జనవరి 3, సావిత్రిబాయి ఫూలే జయంతి నాడు ఒక పిల్లాడి కాలికి వైరు తగిలింది, పై డబ్బా జారి పడింది. పక్కనే మా తమ్ముడి కూతురు కూర్చుని ఉంది. ఆరేళ్ల పిల్ల. ఆమె జడని రాసుకుంటూ పడింది. డబ్బా మూల చిట్లింది, పిల్లకి ఏం కాలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సావిత్రిబాయి పేరు చెప్పి కూర్చోబెట్టిన ఆడపిల్ల తల పగలగొట్టేవాడిని.

రెడీమేడ్ స్టాండ్లు చూశా. స్పీకర్లకి పెట్టిన డబ్బులు మళ్లీ పెట్టాలి. కాలేజీలో ఒకాయన "ఏజెన్సీ వైపు నుంచి టేకు చెక్క తెప్పిస్తా, కాయితాల గొడవ లేకుండా" అన్నాడు. ఖమ్మం జిల్లా అనగానే బయటివాళ్లు మా ఇంటి వెనకే అడవి ఉందనుకుంటారు. మధిరది నల్లరేగడి, మిర్చి, పత్తి, వైరా ఏరు. అడవి కొత్తగూడెం దాటాక, భద్రాచలం వైపు. అక్కడ కోయ మనిషి కట్టెల మోపుతో దొరికితే కేసు. పర్మిట్ లేని టేకు మాత్రం పట్నంలో సోఫాలై కూర్చుంటుంది. ఆ చెక్క మీద బాబాసాహెబ్ గొంతు వినాలనిపించలేదు. వద్దన్నా.

ఇక మిగిలింది సొంతంగా చెయ్యడం. చెయ్యాలంటే ఎత్తు తెలియాలి. ఇంగ్లీషు పుస్తకాల్లో, వీడియోల్లో స్టాండు ఎత్తు ఇరవై నాలుగు నుంచి ఇరవై ఎనిమిది అంగుళాలని ఉంటుంది. అది సోఫాలో వెనక్కి వాలి కూర్చునే చెవికి. మా ఇంట్లో సోఫా లేదు. అందుకని టేపు పట్టుకుని మా వాళ్ల చెవులే కొలవడం మొదలుపెట్టా.

చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే చెవి నేల నుంచి ఇరవై ఏడు అంగుళాలు. కుర్చీలో కూర్చుంటే నలభై రెండు. పదిహేను అంగుళాల తేడా. ఎవరి చెవికి చెయ్యాలి?

"నాయినా, ఇట్ట రా, నీ చెవి కొలవాలి" అన్నా. వచ్చి గుమ్మం పక్కన నేల మీద కూర్చున్నాడు. పక్కన కుర్చీ ఖాళీగా ఉంది.

"కుర్చీలో కూర్చో నాయినా."

"ఏడైతే ఏందిరా, చెవే గదా."

నేను టేపు పట్టుకుని అట్టే ఉండిపోయా. మా నాయినకి డెబ్బై దాటాయి. ఊళ్లో దొరగారి అరుగు ముందు నేల మీద కూర్చునే వయసంతా గడిపాడు. ఆ ఇంట్లో కుర్చీలు లేక కాదు. ఆయన చెవి ఎత్తు ఇరవై ఏడు అంగుళాలని ఎవరో ఆయన పుట్టకముందే తేల్చేశారు. పైనుంచి వచ్చిన మాట కింద కూర్చుని వినడానికి అలవాటుపడిన చెవి అది. ఇప్పుడు కొడుకు ఇంట్లో, కొడుకు లెక్చరర్ అయ్యాక కూడా, శరీరం అదే ఎత్తుకి పోతోంది.

చాప మీద కూర్చోవడం తప్పని కాదు నేననేది. మనందరం కూర్చునేదే. ఇష్టపడి కూర్చోవడం వేరు, కూర్చోబెట్టబడటం వేరు. ఆ రోజు ఒక నిర్ణయం చేసుకున్నా. ఆదివారం మా ఇంట్లో అందరికీ కుర్చీలుంటాయి, స్టాండు కుర్చీ కొలతకే ఉంటుంది. ట్వీటర్ డబ్బా అడుగు నుంచి పది అంగుళాల మీద ఉంది. నలభై రెండులో పది తీసేస్తే ముప్పై రెండు. మా స్టాండు ఎత్తు ముప్పై రెండు అంగుళాలు. కంపెనీ వాడి లెక్కకి నాలుగు అంగుళాలు ఎక్కువే.

మైకు గురించి ఇంకో మాట కూడా నాయిన ఆ రోజే చెప్పాడు. తన వయసులో ఉండగా శ్రీరామనవమికి ఊళ్లో వేపచెట్టుకి హారన్ మైకు కట్టేవాళ్లట. భద్రాచలం కల్యాణం రేడియోలో వస్తుంటే, ఉషశ్రీ గారి వ్యాఖ్యానం మైకులో పెట్టేవాళ్లు. హారన్ మూతి ఊరి వైపు. మాదిగవాడ వెనక. "మనకి ఏదో గునిసినట్టు వినపడేది. మాట తెలిసేది కాదు" అన్నాడు. సైన్సు కూడా అదే చెప్తుంది. హారన్ ముందున్నవాళ్లకి హల్లులు పోతాయి, వెనకున్నవాళ్లకి ఉత్త గొణుగుడు మిగులుతుంది. చెట్టెక్కి ఆ హారన్ కట్టింది ఎవరనుకున్నారు? మా నాయినే. మూతి ఎటు తిప్పాలో చెప్పింది మాత్రం కింద నిలబడ్డవాళ్లు. మా వాడకి చాలా ఏళ్లు మైకు వీపే తెలుసు.

సరే, పనిలోకి వద్దాం.

ఒక్కో స్టాండుకి అడుగున పదహారు అంగుళాల చదరం ప్లైవుడ్. పద్దెనిమిది ఎం.ఎం. మందం ముక్కలు రెండు ఫెవికాల్ పెట్టి అతికించి ఒకటి చేశాం. పైన డబ్బా కూర్చునేందుకు ఎనిమిది బై తొమ్మిది అంగుళాల ముక్క ఒకటి. మధ్యలో నాలుగంగుళాల పీవీసీ పైపు, కాలవ పైపులకి వాడేదే. పైపు లోపల నిలువునా పది ఎం.ఎం. థ్రెడ్ రాడ్. అంటే పొడుగంతా మరలుండే ఇనప కడ్డీ. హార్డువేర్ షాపులో మీటరు ముక్క దొరుకుతుంది. కింద ప్లై నడుమ రంధ్రం, పైన ప్లై నడుమ రంధ్రం. కడ్డీ దూర్చి రెండు వైపులా వాషర్ వేసి నట్టు బిగిస్తే పైపు రెండు చెక్కల మధ్య బిగుసుకుపోతుంది. మేకు కొట్టే పని లేదు, వెల్డింగు లేదు. నట్లు చెక్కలోకి కూరుకుపోయేటట్టు రంధ్రాన్ని కొంచెం వెడల్పు చెయ్యాలి. లేకపోతే కింద నేలకి, పైన డబ్బాకి తగులుతుంది. మాది నాపరాళ్ల నేల, ఎత్తుపల్లాలు. అందుకని అడుగున నాలుగు మూలలా నాలుగు బోల్టులు పెట్టాం. ఊగితే ఒకటి తిప్పితే చాలు.

ప్లైవుడ్ కోసింది, రంధ్రాలు వేసింది మా ఐటీఐ పిల్లాడు. నేను కోయబోతే గీత ఒక పక్కకి, రంపం ఒక పక్కకి పోయాయి. "సార్, మీరు టేపు పట్టుకోండి చాలు" అన్నాడు. నిజమే చెప్పాడు.

అడుగు వెడల్పు పదహారు ఎందుకంటే, ఎత్తులో సగమన్నా ఉండాలని మేం పెట్టుకున్న లెక్క. బరువైన డబ్బా పైన ఉంటుంది కాబట్టి కింద వెడల్పూ ఉండాలి, బరువూ ఉండాలి. ఆ బరువు ఇసుక. ఒక్కో పైపులో సుమారు పది కిలోలు పట్టింది. ఇసుక తడిగా ఉండకూడదు. నట్లు తుప్పు పడతాయి, ఎండేకొద్దీ ఇసుక కుంగి లోపల ఖాళీ అవుతుంది. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇసుకని జల్లెడ పట్టి, మిరపకాయల పక్కనే రెండు రోజులు ఎండబెట్టి, అప్పటికీ చెమ్మ ఉంటే అమ్మ పెద్ద మూకుట్లో వేయించింది. "ఇన్నేళ్లూ ఇసకలో పేలాలు వేయించా. ఉత్త ఇసక వేయించడం ఇదే మొదలు" అని నవ్వింది.

ఇసుక పోసేటప్పుడు నేను గరాటాతో నింపి "అయిపోయింది" అన్నా. నాయిన దగ్గరికొచ్చి వేలి కణుపుతో పైపు మీద పైనుంచి కిందికి కొట్టుకుంటూ పోయాడు. ఒక చోట ఆగాడు.

"ఈడ బోలుగా ఉంది."

"నిండింది నాయినా, పైదాకా కనపడుతోంది కదా."

"కళ్లతోటి చూస్తన్నవ్. చెవితోటి చూడు."

చెవి పెట్టి విన్నా. పైన కొడితే "దబ్" అంటోంది. ఆయన ఆగిన చోట సన్నగా "టంగ్" అంటోంది. ఇసుక కడ్డీ పక్కన చిక్కుకుని గూడు కట్టింది. పైపుని నేల మీద తాటించి, పక్కల నుంచి తట్టి, మళ్లీ పోస్తే ఇంకో రెండు గుప్పెళ్లు పట్టింది. ఇసుక బరువు కోసమే కాదు, పైపు మోగకుండా ఉండటానికి కూడా. బోలు పైపు డబ్బాతో పాటు తనూ మోగి మాటని చెడగొడుతుంది. ఇది నేను పుస్తకంలో చదివా. నాయినకి వేలి కణుపులో ఉంది.

ఎక్కడి నుంచి వచ్చింది ఆ విద్య? మీకు తెలుసు.

మా నాయిన డప్పు వాయించేవాడు. వాయించడమే కాదు, చేసేవాడు. వేప చెక్కని గుండ్రంగా చట్రం కట్టడం, మేకతోలు వెంట్రుక తీసి నానబెట్టడం, చింతగింజల పిండితో జిగురు కాచి తోలు అంటించి బిగలాగడం, నీడన ఆరబెట్టడం. వాయించే ముందు గడ్డిమంట మీద కాచి, కొట్టి విని, మళ్లీ కాచి శ్రుతి తేవడం. కుడిచేతి సిర్ర ఎంత లావు, ఎడమచేతి చిటికెన పుల్ల ఎంత సన్నం, ఏది ఎక్కడ తగిలితే ఏ మోత. ఏ తోలు వానకి సళ్లుద్ది, ఏది ఎండకి చీలుద్ది. ఇది ధ్వనిశాస్త్రం కాకపోతే మరేంటి? 

డప్పుకి స్టాండు ఏదంటారా? మనిషి భుజమే. ఊరేగింపు ఎంత దూరమైతే అంత దూరం, ఎంత రాత్రయితే అంత రాత్రి మోసిన భుజం.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఊళ్లో ఒక పెద్దింటి చావుకి నాయిన జ్వరంతో తెల్లార్లూ కొట్టాల్సొచ్చింది. తెల్లారి ఇంటికొచ్చి డప్పు తీసి అటక మీద పడేశాడు. మళ్లీ దించలేదు. ఆ ఏడు మిరపకోతలకి మా ఇంటోళ్లని పిలవలేదు. అంతకు కొన్నేళ్ల ముందే, 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా పుట్టింది. చావు డప్పుని హక్కుల డప్పుగా మార్చింది. మా చిన్నాయన ఆ సభలకి డప్పేసుకుని పోయేవాడు. "ఇది మన జెండా అన్నా" అనేవాడు. నాయిన "నీకు జెండా, నాకు మచ్చ" అనేవాడు. ఇద్దరిదీ నిజమే. డప్పుని విసిరికొట్టడమూ ఆత్మగౌరవమే, ఎత్తి పట్టుకోవడమూ ఆత్మగౌరవమే. ఈ రెంటినీ కొట్లాటగా చూడొద్దని మన విద్యార్థులకి నా మనవి.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. నా పీహెచ్‌డీ దళిత కవిత్వం మీద. అందులో ఒక అధ్యాయం మొత్తం డప్పే. డప్పు ప్రతీక, డప్పు ధిక్కారం, డప్పు అస్తిత్వం. ఐదేళ్లు రాశా. ఆ ఐదేళ్లలో ఒక్కసారి కూడా మా నాయినని "డప్పు ఎట్టా చేస్తారు?" అని అడగలేదు. వైవాలో కూడా ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. డప్పు మీద డాక్టరేట్ వచ్చింది, డప్పు చెయ్యడం మాత్రం రాదు. పైన నేను రాసిన చింతగింజల జిగురు సంగతి, వేప చట్రం సంగతి ఈ ఫిబ్రవరిలో, ఇసుక పోస్తూ తెలుసుకున్నవే.

బాబాసాహెబ్ "కుల నిర్మూలన"లో చెప్పింది తరగతిలో ఎన్నోసార్లు చెప్పా. కులం పనిని విభజించడం కాదు, పనిచేసేవాళ్లని విభజించడం అని. దాని ఇంకో కొస నాకు ఇప్పుడు తగిలింది. చదువుకున్న కొడుకుకీ చేతిపని తెలిసిన తండ్రికీ మధ్య కూడా అది గోడ కడుతుంది. చదువొస్తే చెయ్యి ముడుచుకోవాలని మనకీ నేర్పింది. తోలు వాసన నుంచి తప్పించుకోవడానికే కదా మనల్ని చదివించారు. తప్పించుకోవాల్సిందే. కానీ తప్పించుకోవాల్సింది వెట్టి నుంచి, ఆ విద్యలో ఉన్న తెలివి నుంచి కాదు.

స్టాండు పైచెక్కకీ డబ్బాకీ మధ్య మెత్తటిది ఏదైనా ఉండాలి, లేకపోతే అదురు చెక్కలోకి దిగుతుంది, డబ్బా జారుతుంది కూడా. నేను అరిగిన హవాయి చెప్పు ముక్కలు కోద్దామన్నా. నాయిన లోపలికి పోయి ఒక గుడ్డమూట తెచ్చాడు. అందులో ఆరె, రంపె, ఒక పాత తోలు ముక్క. చెప్పులు కుట్టడం మానేసి ఇరవై ఏళ్లు. రంపెని నాపరాయి మీద నూరి, రూపాయి బిళ్లంత ముక్కలు ఎనిమిది కోశాడు. ఒక్కో డబ్బాకి నాలుగు. ఒకదానికొకటి తేడా లేదు. నేను టేపు తియ్యబోయి మానుకున్నా.

మొత్తం ఖర్చు రెండు స్టాండ్లకి పద్నాలుగు వందల యాభై. ప్లైవుడ్ ముక్కలు, పైపు, కడ్డీలు, నట్లు, నల్లరంగు డబ్బాతో సహా. తోలుకి, ఇసుకకి, మనుషులకి లెక్క కట్టలేదు.

మార్చి మొదటి ఆదివారం డబ్బాలు ఎక్కించాం. మూల నుంచి రెండడుగులు ముందుకి, రెంటి మధ్య ఆరడుగులు. అందరూ కుర్చీల్లో. నాయిన మధ్య కుర్చీలో. అంచు మీదే కూర్చున్నాడు, అయినా కుర్చీలోనే. ఏం పెట్టాలా అని అనుకుని, 1955లో బాబాసాహెబ్ బీబీసీకి ఇచ్చిన ఇంటర్వ్యూ పెట్టాం. పాత రికార్డింగు, గరగరలుంటాయి. రెండు డబ్బాల్లోంచీ ఒకే శబ్దం సమానంగా వస్తే, ఆ గొంతు డబ్బాల్లోంచి కాక వాటి నడుమ ఖాళీలోంచి వచ్చినట్టు వినపడుతుంది. అక్కడ ఒక మనిషి కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంటుంది. మా గదిలో ఆ ఖాళీకి ఎదురుగా నాయిన ఉన్నాడు.

ఇంగ్లీషు ఆయనకి ఒక్క ముక్క రాదు. చివరిదాకా కదలకుండా విన్నాడు. అయిపోయాక, "ఆయన గొంతు ఇట్ట ఉంటదా?" అన్నాడు. కాసేపాగి, "విగ్రహాలు ఇన్ని చూసినం. గొంతు మాత్రం వినలే" అన్నాడు.

పిల్లలు ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

తర్వాత వాళ్లకి ఒక సంగతి గుర్తు చేశా. "కుల నిర్మూలన" అసలు లాహోర్‌లో చెయ్యాల్సిన ఉపన్యాసం. 1936లో జాత్-పాత్ తోడక్ మండల్ వాళ్లు పిలిచి, రాసింది చూసి బెదిరి, సభ రద్దు చేశారు. బాబాసాహెబ్ బతిమాలలేదు, మాట మార్చలేదు. సొంత ఖర్చుతో పదిహేను వందల కాపీలు అచ్చేయించారు. వేదిక ఇవ్వనన్న సభ ఎవరికీ గుర్తులేదు, పుస్తకం ఇప్పటికీ చదువుతున్నాం. అంతకు ముందే 1920లో "మూక్‌నాయక్" పెట్టినప్పుడూ అంతే. మన మాట నిలబడటానికి ఎత్తు ఎవరో ఇస్తారని ఆయన ఎదురుచూడలేదు.

ఏప్రిల్ 14 దగ్గరికొస్తోంది. కాలనీల్లో, హాస్టళ్లలో, రీడింగ్ రూముల్లో చేసుకోవాలనుకునేవాళ్లకి మళ్లీ ఒకసారి చెప్తా. ముందు మీ వాళ్ల చెవి ఎత్తు కొలవండి. అందులోంచి ట్వీటర్ ఎత్తు తీసెయ్యండి, మిగిలింది స్టాండు. అడుగు వెడల్పు ఎత్తులో సగానికి తగ్గొద్దు. ఇసుక ఎండినదే పోయండి, కొట్టి వినండి. వైర్లు నడిచే దారిలో వెయ్యొద్దు, గోడ వెంట తీసుకుపోండి. పిల్లలు తిరిగే చోట డబ్బాని పైచెక్కకి నైలాన్ పట్టీతో బిగించండి. ఇవి గదిలో వినే చిన్న డబ్బాలకే. బయట సభలకి వాడే పెద్ద డబ్బాలు వీటి మీద ఎక్కించొద్దు, వాటికి ఇనప స్టాండ్లే కావాలి. బయట మైకు పెడితే రాత్రి పదింటికి ఆపెయ్యండి. పది నుంచి పొద్దున ఆరు దాకా బయట మైకు వద్దని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెప్తున్నాయి. ఆ నిబంధన ఊరికీ వాడకీ ఒకటే, మన దగ్గరే గుర్తుకొస్తుంది కాబట్టి మనమే ముందు తెలుసుకుని ఉందాం. ఇక మైకు మూతి ఎటు తిప్పాలో మీరే చూసుకోండి. వెనకపడి గొణుగుడు వినే ఇల్లు ఒక్కటి కూడా ఉండకూడదు.

అన్నిటికంటే ముందు, మీ ఇంట్లో పెద్దవాళ్లని పనిలో కూర్చోబెట్టుకోండి. తోలు పనో, మగ్గం పనో, మట్టి పనో, వాళ్ల చేతికి తెలిసింది అడగండి. సెమినార్ పేపర్ రాయకముందే అడగండి. నాలాగా ఐదేళ్లు పోగొట్టుకోవద్దు.

అటక మీది డప్పు తోలు ఎప్పుడో పాడైంది. చట్రం మాత్రం గట్టిగానే ఉందని నిన్న నాయిన దించి చూసి చెప్పాడు. దాంతో ఏం చేస్తాడో నేను అడగలేదు. ఆయన ఇష్టం. డప్పు తయారీ గురించి ఆయన చెప్పిన కొలతలన్నీ నోటుబుక్కులో రాసుకుంటున్నా. ఒప్పుకుంటే వచ్చే భాగంలో ఆయన మాటల్లోనే పెడతా.

జై భీమ్.